జంటగా లద్దాఖ్: ఒకే బండి మీద శ్రీనగర్ నుంచి మనాలి దాకా

శ్రీనగర్ నుంచి లేహ్‌కు ఎక్కి, అక్కడి నుంచి మనాలికి దిగే కొండదారి మొత్తం సుమారు 850 కిలోమీటర్లు. మైదానంలో అయితే బండి మీద రెండు రోజుల్లో అయిపోయే దూరం. ఇక్కడ మాత్రం నుబ్రా లోయ, పాంగాంగ్ సరస్సు కూడా కలుపుకుంటే 12 నుంచి 15 రోజులు చేతిలో ఉంచుకోవాలి. దూరం కంటే ఎత్తు వల్లే అన్ని రోజులు పడతాయి. ఒంటరిగా వెళ్లేవారు తమ ఓపికను బట్టి ఆ రోజుల్లో కొన్ని తగ్గించుకుంటారు. భార్యాభర్తలు ఒకే బండి మీద వెళ్లేటప్పుడు ఆ వెసులుబాటు ఉండదు. రోజుకు ఎంత దూరం వెళ్లాలి, ఎక్కడ పడుకోవాలి, ఏ వాగును నడిచి దాటాలి, ఎప్పుడు వెనక్కి తిరగాలి అన్నవన్నీ వెనక సీట్లో ఉన్న మనిషిని బట్టే తేల్చుకోవాలి. నడిపేవారి చేతిలో హ్యాండిల్ ఉంటుంది, కళ్లెదుట దారి ఉంటుంది, గుంత కనబడగానే ఒళ్లు సర్దుకునే వీలుంటుంది. వెనకున్నవారికి ఈ మూడూ లేవు. వెనక చక్రానికి దాదాపు పైనే కూర్చోవడం వల్ల ప్రతి కుదుపూ నేరుగా నడుముకే తగులుతుంది.

చాలామంది ఈ దారిని మనాలి వైపు నుంచి మొదలుపెడతారు. జంటలకు శ్రీనగర్ వైపు నుంచి ఎక్కడమే మేలు. కారణం పడక ఎత్తుల్లో ఉంది. పర్వతారోహణ వైద్యులు చెప్పే సాధారణ సూత్రం ప్రకారం 3,000 మీటర్లు దాటాక ఒక రాత్రికీ మరుసటి రాత్రికీ మధ్య పడుకునే చోటు ఎత్తు 500 మీటర్లకు మించి పెరగకూడదు. మూడు నాలుగు రోజులకోసారి ఒకే చోట ఆగి విశ్రాంతి తీసుకోవాలి. మనాలి సుమారు 2,050 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి నుంచి బయల్దేరినవారు జిస్పాలో 3,200 మీటర్ల దగ్గర ఒక రాత్రి పడుకుని, మర్నాడు సర్చూలో గుడారం వేసుకుంటే ఆ చోటు 4,290 మీటర్లు. ఒక్క రోజులో వెయ్యి మీటర్లకు పైగా పెరిగినట్టు. సర్చూలో రాత్రంతా నిద్రపట్టక, తల పగిలిపోతున్న నొప్పితో కూర్చున్నవారి అనుభవాలు తరచూ వినిపించడానికి మూలం ఇదే. శ్రీనగర్ దారి అలా కాదు. శ్రీనగర్ సుమారు 1,600 మీటర్లు, సోనామార్గ్ 2,700, కార్గిల్ కూడా ఇంచుమించు అంతే, ఆ తర్వాత లేహ్ 3,500. మెట్టు మెట్టుగా ఎక్కిస్తుంది. లేహ్‌లో కొన్ని రోజులు గడిపి అలవాటుపడిన శరీరం తిరుగు ప్రయాణంలో సర్చూను తట్టుకుంటుంది.

తెలుగువారికి ఈ జాగ్రత్త మరీ ముఖ్యం. తూర్పు కనుమల్లో అన్నిటికంటే ఎత్తయిన శిఖరాలే 1,700 మీటర్లు దాటవు. అరకు లోయ వెయ్యి మీటర్ల లోపే. అంటే ఇక్కడి కొండల్లో ఎంత తిరిగినా పలచని గాలి ఎలా ఉంటుందో శరీరానికి తెలిసే అవకాశం లేదు. 5,300 మీటర్ల ఎత్తున గాలి పీడనం సముద్రమట్టం దగ్గర ఉండేదానిలో దాదాపు సగం. గాలిలో ఆక్సిజన్ పాలు అంతే ఉన్నా, ప్రతి శ్వాసకూ లోపలికి వెళ్లేది సగమే.

ఎత్తు వల్ల వచ్చే జబ్బు సాధారణంగా 2,500 మీటర్లు దాటాక మొదలవుతుంది. తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవడం, నీరసం, నిద్ర పట్టకపోవడం దీని తొలి గుర్తులు. వయసు, కసరత్తు దీన్ని ఆపలేవు. రోజూ పరుగెత్తే భర్త మంచం పట్టి, ఎన్నడూ వ్యాయామం చేయని భార్య హాయిగా తిరగవచ్చు. గుర్తులు కనిపిస్తే ఇంకా పైకి వెళ్లకూడదు. ఆగి విశ్రాంతి తీసుకున్నా తగ్గకపోతే దిగిపోవాలి. కూర్చుని ఉన్నా ఆయాసం, ఎడతెగని దగ్గు వస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందని అనుమానించాలి. మాట తడబడటం, నడకలో తూలడం, మందకొడితనం ఉంటే మెదడు వాస్తోందని అర్థం. ఒక పాదం మడమను రెండో పాదం వేళ్లకు ఆనిస్తూ తిన్నగా నడవమంటే నడవలేకపోవడం దీనికి తేలికైన పరీక్ష. ఈ రెండూ ప్రాణాంతకం. వెంటనే కిందికి దించడం, ఆక్సిజన్ ఇవ్వడం తప్ప తెల్లారేదాకా చూద్దామనుకునే సమయం ఉండదు. జంటగా వెళ్లడంలోని గొప్ప లాభం ఇక్కడే బయటపడుతుంది. మెదడుకు గాలి చాలని మనిషి తన పరిస్థితిని తాను గుర్తించలేడు. మాట తీరు మారిందని, మామూలుగా తినే మనిషి పళ్లెం పక్కకు నెట్టారని ముందుగా పసిగట్టేది పక్కనున్నవారే. ఇద్దరిలో ఎవరు ‘ఇక చాలు, వెనక్కి తిరుగుదాం’ అన్నా రెండోవారు వాదించకూడదన్న ఒప్పందం ఇంటి దగ్గరే కుదుర్చుకోవాలి.

అసెటాజోలమైడ్ అనే మందు శరీరం ఎత్తుకు త్వరగా అలవాటు పడటానికి తోడ్పడుతుంది. సాధారణంగా ఎక్కడానికి ఒక రోజు ముందు మొదలుపెడతారు. సల్ఫా మందులు పడనివారు, కిడ్నీ సమస్యలున్నవారు, గర్భిణులు దీన్ని సొంతంగా వేసుకోకూడదు. డాక్టరును అడిగే వాడాలి. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవారు అసలు ఈ ప్రయాణమే తగునా అని ముందు తేల్చుకోవాలి. గర్భిణులు ఈ ఎత్తులకు బండి మీద వెళ్లకపోవడమే మంచిది. నిద్రమాత్రలు, మద్యం శ్వాసను మందగింపజేస్తాయి కాబట్టి మొదటి రోజుల్లో రెండింటికీ దూరంగా ఉండాలి.

పలచని గాలి బండినీ వదలదు. టర్బో లేని ఇంజను ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకూ సుమారు పదో వంతు శక్తి కోల్పోతుంది. 5,000 మీటర్లు దాటేసరికి 40 శాతానికి పైగా పోతుంది. పాత కార్బురేటర్ బళ్లలో గాలి తగ్గినా పెట్రోలు తగ్గక పొగ, కుంటడం ఎక్కువ. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 నిబంధనలు వచ్చాక కొత్త బళ్లు దాదాపు అన్నీ ఫ్యూయల్ ఇంజెక్షన్‌తో వస్తున్నాయి. సెన్సర్లు గాలిని కొలిచి పెట్రోలు సర్దుతాయి కాబట్టి ఆ బాధ తగ్గింది గానీ, శక్తి నష్టం మాత్రం ఉంటుంది. ఈ దారిలో ఎక్కువగా కనిపించే రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ బరువు 200 కిలోలకు కాస్త తక్కువ. ఇద్దరు మనుషులు, సామాను కలిపితే బండి మోసే బరువు దాని బరువుకు దగ్గరగా వస్తుంది. అందుకే చిన్న ఇంజను బండి మీద ఒక్కరు లద్దాఖ్ చుట్టి రావచ్చు గానీ, ఇద్దరికి కనీసం 350 సీసీ అయినా ఉంటే నిటారు ఎక్కుళ్లలో క్లచ్ కాలిపోకుండా ఉంటుంది. సగం క్లచ్ పట్టి ఎక్కించడం కొండదారుల్లో క్లచ్ ప్లేట్లను చంపే అలవాటు. మొదటి గేరులో క్లచ్ పూర్తిగా వదిలి నెమ్మదిగా ఎక్కించాలి. అప్పటికీ కదలకపోతే వెనకున్నవారు దిగి ఆ పది గజాలు నడవాలి.

బయల్దేరే ముందు వెనక సస్పెన్షన్‌ను ఇద్దరి బరువుకు తగ్గట్టు బిగించాలి. వెనక టైరులో గాలి బండి పుస్తకంలో ఇద్దరికని చెప్పిన మేరకు నింపాలి. ఈ పని చేయకపోతే వెనకభాగం కుంగి, ముందు చక్రం తేలికై మలుపుల్లో పట్టు తప్పుతుంది. బ్రేకు ప్యాడ్లు, చైను, క్లచ్ తీగ కొత్తవి వేయించి, ఒక జత తీగలు, ట్యూబు, పంక్చర్ సామగ్రి, గాలిపంపు వెంట ఉంచుకోవాలి. సామానును సీటుకు రెండు పక్కలా సంచుల్లో, కిందికి, సమానంగా కట్టాలి. వెనక సీటు వెనకాల ఎత్తుగా కట్టిన బరువు మలుపుల్లో బండిని బయటికి లాగుతుంది.

మన దగ్గర చాలామంది స్త్రీలు చీర వల్లో, అలవాటు వల్లో రెండు కాళ్లూ ఒకేవైపు వేసుకుని కూర్చుంటారు. ఈ దారిలో అది అస్సలు పనికిరాదు. అటూ ఇటూ కాళ్లు వేసుకుని, పాదాలు రెండూ ఫుట్‌రెస్టుల మీద ఆనించి, మోకాళ్లతో ముందున్న మనిషి నడుమును పట్టినట్టు కూర్చోవాలి. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వది వెనక కూర్చునేవారి కోసం చేతిపట్టు, ఫుట్‌రెస్టు, బట్టలు చక్రంలో చిక్కుకోకుండా వెనక చక్రాన్ని సగమైనా కప్పే రక్షణ తప్పనిసరి చేసింది. ఆఫ్‌రోడ్ అందం కోసం ఆ చీర గార్డును విప్పించేవారున్నారు. ఇద్దరు వెళ్లే బండికి అది ఉండాలి. చున్నీ, వేలాడే స్కార్ఫు మాత్రం గార్డు ఉన్నా వేసుకోకూడదు.

వెనక కూర్చోవడం కూడా నేర్చుకోవలసిన పనే. బండి వాలినవైపే, వాలినంతే ఒళ్లు వాల్చాలి. భయంతో ఎదురువైపు ఒరిగితే మలుపు వెడల్పయి బండి ఎదురుగా వచ్చే లారీ దారిలోకి పోతుంది. ఎడమ మలుపులో ముందున్నవారి ఎడమ భుజం మీదుగా, కుడి మలుపులో కుడి భుజం మీదుగా చూస్తూ ఉంటే ఒళ్లు తనంతట తానే సరిగా వాలుతుంది. దిగుడులో బ్రేకు వేసినప్పుడు వెనకున్న బరువంతా నడిపేవారి వీపు మీదికి, అక్కడి నుంచి మణికట్ల మీదికి వస్తుంది. అప్పుడు వెనకున్నవారు రెండు చేతులూ ట్యాంకు మీద ఆనిస్తే నడిపేవారికి గంటలకొద్దీ నొప్పి తప్పుతుంది. ఎక్కడం, దిగడం ఎప్పుడూ చెప్పి చేయాలి. కాళ్లు సరిగా ఆనని వాలులో నిలిపిన బండి మీది నుంచి వెనకవారు హఠాత్తుగా దిగితే బండి పడిపోతుంది. హెల్మెట్లలో అమర్చే ఇంటర్‌కమ్ ఉంటే మాట్లాడుకోవచ్చు. దాని బ్యాటరీ చలికి త్వరగా అయిపోతుంది కాబట్టి, భుజం మీద ఒక తట్టుకు నెమ్మదించమని, రెండు తట్లకు ఆపమని ముందే అనుకోవాలి. హెల్మెట్ చట్టం ప్రకారం ఇద్దరికీ ఉండాల్సిందే. నడిపేవారికి మంచిది, వెనకవారికి చౌకది కొనడం చాలా జంటల్లో కనిపించే తప్పు. పడినప్పుడు తల ఇద్దరిదీ ఒకేలా తగులుతుంది. జాకెట్టు, గ్లోవ్స్, చీలమండ కప్పే బూట్లు కూడా ఇద్దరికీ ఒకే నాణ్యతవి కావాలి. వెనకున్నవారు కదలకుండా కూర్చుంటారు కాబట్టి వారికే ముందు చలి పుడుతుంది. ఉన్ని బట్టలు ఒక పొర ఎక్కువ వేసుకోవాలి.

ఈ దారి గురించి మాట్లాడేటప్పుడు ఎక్కువమంది దాటవేసే విషయం మరుగుదొడ్లు. పాంగ్, సర్చూ లాంటి గుడారాల మజిలీల మధ్య పదుల కిలోమీటర్లు చెట్టు చాటు కూడా ఉండదు. ఈ భయంతో స్త్రీలు నీళ్లు తాగడం మానేస్తారు. పొడి గాలిలో నీళ్లు తగ్గితే తలనొప్పి, నీరసం ముదిరి, అది ఎత్తు జబ్బా కాదా అన్నది తెలియకుండా పోతుంది. పొడవాటి వదులు రెయిన్‌కోటు చాటు కోసం దగ్గరుంచుకోవడం, దాబా కనిపించినప్పుడల్లా అవసరం ఉన్నా లేకున్నా ఆగడం, నెలసరికి కావలసినవి సరిపడా తీసుకెళ్లడం ప్రయాణపు ఏర్పాట్లలో మొదటి వరసలో ఉండాలి. నడిపేవారు గంటకోసారి తామే ఆపాలి. వెనకవారు అడిగేదాకా ఎదురుచూడటం భావ్యం కాదు.

సాధనకు సొంత కొండలు చాలు. మారేడుమిల్లి నుంచి చింతూరుకు దిగే ఘాట్, విశాఖ నుంచి అనంతగిరి మీదుగా అరకు ఎక్కే దారి, నల్లమలలో శ్రీశైలం దారి ఇద్దరి బరువుతో మలుపు తిప్పడం బాగా నేర్పుతాయి. తిరుమల ఘాట్ అంతగా నేర్పదు. అక్కడ ఎక్కడానికొక దారి, దిగడానికొక దారి కావడంతో ఎదురు వాహనం ఉండదు. సామానంతా కట్టుకుని, రైడింగ్ బట్టలు వేసుకుని రెండు మూడు రోజుల ప్రయాణం ఒకటి చేస్తే, సీటు ఎక్కడ గుచ్చుతుందో, ఇద్దరికీ రోజుకు ఎన్ని గంటలు సరిపోతాయో తెలిసిపోతుంది.

హైదరాబాద్, విజయవాడల నుంచి బండిని రైల్లో పార్సిలు చేసి జమ్ముకో, ఢిల్లీకో పంపడం మామూలు పద్ధతి. ట్యాంకులో పెట్రోలు ఖాళీ చేయించి, గోనెపట్టాలతో కట్టిస్తారు. ఆర్సీ నకలు, గుర్తింపు కార్డు చూపాలి. అద్దె బండి తీసుకునేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. మనాలిలోనో శ్రీనగర్‌లోనో అద్దెకు తీసుకున్న బండిని లేహ్ దాకా నడపవచ్చు గానీ, అక్కడి నుంచి నుబ్రా, పాంగాంగ్‌లకు పోనివ్వరు. వాటికి లేహ్‌లోని అద్దె బండే తీసుకోవాలి. సొంత బండికి ఈ ఇబ్బంది లేదు. సరిహద్దు ప్రాంతాల అనుమతులు, రుసుముల నియమాలు మారుతూ ఉంటాయి కాబట్టి లేహ్‌లో దిగాక సరిచూసుకోవాలి. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు జమ్ము కశ్మీర్, లద్దాఖ్‌లలో పనిచేయవు. ఇద్దరిలో ఒకరి దగ్గరైనా పోస్ట్‌పెయిడ్ ఉండాలి.

జమ్ము నుంచి శ్రీనగర్ దారిలో 2017లో తెరిచిన 9 కిలోమీటర్ల చెనానీ–నాశ్రీ సొరంగం ప్రయాణాన్ని బాగా తగ్గించింది. శ్రీనగర్ దాటాక సోనామార్గ్‌లో ఒక రాత్రి ఉండి, తెల్లవారగానే జోజి లా ఎక్కాలి. ఎత్తు 3,528 మీటర్లే అయినా ఈ యాత్ర మొత్తంలో బాగా ఇబ్బందిపెట్టే కనుమల్లో ఇదొకటి. వాన పడితే బురద, ఎండితే దుమ్ము, పక్కన అడ్డుగోడ లేని లోయ, ఎదురుగా సైనిక లారీల వరసలు. కొన్ని వేళల్లో ట్రాఫిక్ పోలీసులు ఒకవైపు వాహనాలనే వదులుతారు. దీని కింద సుమారు 14 కిలోమీటర్ల సొరంగం తవ్వుతున్నారు. ఇరుకు కొండదారిలో ఎక్కే వాహనానికి దిగేవారు దారివ్వాలన్నది రహదారి నియమం. లారీ ఎదురైతే లోయ అంచువైపు కాకుండా కొండవైపు ఆగడం బండివారికి క్షేమం.

జోజి లా దాటితే పచ్చదనం పోయి రాతికొండలు మొదలవుతాయి. ద్రాస్ దగ్గర టోలోలింగ్ కొండ కింద 1999 కార్గిల్ యుద్ధ స్మారకం ఉంది. ఆ యుద్ధంలో ఈ కొండల మీదే ప్రాణాలిచ్చి మహావీరచక్ర పొందిన మేజర్ పద్మపాణి ఆచార్య హైదరాబాద్ వాడే. తెలుగు నేల నుంచి అంత దూరం వెళ్లినవారు అక్కడ గంటసేపైనా ఆగడం న్యాయం. కార్గిల్‌లో రాత్రి గడిపి బయల్దేరితే నమికా లా, ఆ తర్వాత 4,108 మీటర్ల ఫోతూ లా వస్తాయి. శ్రీనగర్–లేహ్ రహదారిలో అదే ఎత్తయిన చోటు. కిందికి దిగుతుండగా లామయూరు మఠం, దాని చుట్టూ పసుపుపచ్చ మట్టికొండలు కనిపిస్తాయి. నిమ్మూ దగ్గర జన్‌స్కార్ నది సింధులో కలిసే చోట రెండు నీళ్ల రంగులు వేరువేరుగా తెలుస్తాయి.

లేహ్ చేరాక రెండు పూర్తి రోజులు బండి ముట్టకూడదు. నడక, వేడి సూపు, నిద్ర చాలు. ఆ తర్వాతే ఖార్దుంగ్ లా. అక్కడి బోర్డు మీద చాలాకాలం 18,380 అడుగులని రాసి ఉన్నా, తర్వాతి కొలతల్లో తేలిన ఎత్తు 5,359 మీటర్లు. లేహ్ నుంచి 40 కిలోమీటర్లలో 1,850 మీటర్లు ఎక్కుతారు. పైన పది పదిహేను నిమిషాలకు మించి నిలవకుండా నుబ్రా వైపు దిగిపోవాలి. హుండర్ ఇసుకతిన్నెల మీద రెండు మూపురాల ఒంటెలు ఉంటాయి. పాంగాంగ్ ఒడ్డు 4,200 మీటర్లకు పైన కాబట్టి నుబ్రాలో నిద్ర బాగా పట్టినవారే అక్కడ రాత్రి ఉండాలి. సరస్సు దగ్గర తలనొప్పి మొదలైతే రాత్రి ఉండకుండా దిగిరావడం మంచిది. లేహ్‌లో సోనమ్ నోర్బూ స్మారక ఆసుపత్రి వైద్యులకు ఈ జబ్బు బాగా తెలుసు.

లేహ్ నుంచి మనాలి వైపు తొలి పెద్ద ఎక్కుడు 5,300 మీటర్లు దాటిన తాంగ్‌లాంగ్ లా. దాని తర్వాత మోరే మైదానాలు, కొండల నడిమిన సుమారు 40 కిలోమీటర్ల తిన్నని దారి. అలసిన జంటకు ఇది విశ్రాంతిలా అనిపించినా గాలి బలంగా కొడుతుంది. ఆ తర్వాత పాంగ్, లాచులుంగ్ లా, నకీ లా, అక్కడి నుంచి 21 మలుపుల గాటా లూప్స్. దిగేటప్పుడు రెండో గేరులో ఇంజనుతోనే వేగం ఆపాలి. బ్రేకు మీదే ఆధారపడితే వేడెక్కి పట్టు వదిలేస్తుంది. మలుపుల మధ్య అడ్డంగా కోసుకుపోయే గులకరాళ్ల దారులు కనిపిస్తాయి. ఇద్దరున్న బండిని వాటిలోకి దించకూడదు.

సర్చూ దాటాక బారాలాచా లా దాదాపు 4,900 మీటర్లు. ఈ భాగంలో అసలు పరీక్ష నాలాలు, అంటే రోడ్డును దాటి పారే మంచునీటి వాగులు. ఉదయం చీలమండ లోతుండే వాగు, ఎండకు మంచు కరిగి మధ్యాహ్నానికి మోకాలి దాకా వస్తుంది. అందుకే సర్చూ నుంచి పొద్దున్నే కదలాలి. మరీ చీకటితో వెళ్తే నీరు గడ్డకట్టి అద్దంలా జారే నేల ఉంటుంది, కాబట్టి కాస్త వెలుగు వచ్చాక. వాగు దగ్గర వెనకున్నవారు దిగి, లోతు చూసి, వీలైన చోట నడిచి దాటాలి. బరువు తగ్గిన బండిని మొదటి గేరులో, ఆగకుండా, ఒకే వేగంతో అవతలికి తేవాలి. నడుమ ఆగిపోతే సైలెన్సర్‌లోకి నీళ్లు పోకుండా ఇంజను ఆపకుండా ఉంచాలి. అవతల గట్టున తడి సాక్సులు మార్చుకున్నాకే ముందుకు సాగాలి.

చంద్ర, భాగ నదులు కలిసే తాండి దగ్గర పెట్రోలు బంకు వస్తుంది. మనాలి నుంచి లేహ్‌కు వెళ్లేవారికి తర్వాతి బంకు 365 కిలోమీటర్ల దూరమని చెప్పే బోర్డు చాలాకాలంగా అక్కడే ఉంది. లేహ్ నుంచి వచ్చేవారికీ దాదాపు అదే లెక్క. అందుకే లేహ్ దాటాక వచ్చే కారూ దగ్గర ట్యాంకు నిండా కొట్టించి, ఇద్దరి బరువుకు మైలేజీ తగ్గుతుందని లెక్కేసి, ఐదు లీటర్ల డబ్బా అదనంగా తెచ్చుకోవాలి. తాండి తర్వాత లాహౌల్ పొలాలు, వాటి చివర 2020 అక్టోబరులో ప్రారంభించిన 9.02 కిలోమీటర్ల అటల్ సొరంగం. రోహ్‌తాంగ్ కనుమ మీదుగా పోయే 46 కిలోమీటర్లను అది తప్పించింది. పొడి కొండల వైపు నుంచి లోపలికి వెళ్లి బయటికి వచ్చేసరికి దేవదారు అడవులు, చాలాసార్లు వాన. జూలై, ఆగస్టుల్లో ఈ దక్షిణపు వాలులో కొండచరియలు విరిగిపడతాయి. దారి శుభ్రంగా, వాగులు తగ్గి ఉండే సెప్టెంబరు మొదటి మూడు వారాలు జంటలకు అన్నిటికంటే అనువైన కాలం.